నేను సంతకం పెట్టని పదకొండు రోజులు

ఈ కాగితం ముందు కూర్చునే ముందు అరచేత్తో కుడికన్ను మూసుకున్నాను. చీకటి. చెయ్యి తీశాను. కలం, సిరాబుడ్డి, కిటికీ ఊచలు, ఊచల మీద ఆరేసిన మా ఆవిడ తువాలు. అన్నీ ఉన్నాయి. ఏడాదిగా రోజుకు పదిసార్లయినా ఇలా చూసుకుంటున్నాను. ఎవరైనా గమనిస్తే చెమట తుడుచుకుంటున్నానని అనుకోవాలని చేతిని నుదుటిదాకా తీసుకెళ్తాను. ప్రమాదం గడిచిందని డాక్టరు చెప్పాడు. నా చెయ్యి ఇంకా నమ్మలేదు.

నా పేరు దానియేలు. సికింద్రాబాదు రెజిమెంటల్ బజారు వెనక సందులో ఉన్న కార్ఖానాలో ఇరవై రెండేళ్ళుగా ఖరాదు పని చేస్తున్నాను. ఖరాదంటే కర్రను గిరగిర తిప్పే యంత్రం. తిరుగుతున్న కర్రకు ఉలి ఆనిస్తే అది గుండ్రంగా చెక్కుకుపోతుంది. మంచంకోళ్ళు, పనిముట్ల పిడులు, తిరుమలగిరి పటాలాలకు గుడారపు గుంజల మొనలు, అన్నీ దానిమీదే చేస్తాం. ఈ పని చేసేవాళ్ళు ఎవరైనా ఇది చదివితే మంచిది. ఎవరూ చదవకపోయినా, ఎవరు ఎప్పుడు ఏమన్నారో ఒకచోట రాసి ఉండడం మంచిదే.

మొదట జాలీ సంగతి చెప్పాలి.

మూడేళ్ళ కిందట నా పక్క ఖరాదు మీద పనిచేసే యాదయ్యకు చెక్కపేడు ఎగిరివచ్చి ముక్కుదూలం విరిగింది. ఆ వారమే నేను యజమాని నర్సింగ్ సేఠుకు దరఖాస్తు రాశాను. తిరిగే కర్ర మీదికి దించుకోవడానికి ఒక్కో ఖరాదుకు ఇనప జాలీ బిగించాలని, ఆ పైన ఏది ఎగిరినా జాలీకి తగులుతుందే తప్ప మొహానికి తగలదని వివరంగా రాశాను. సేఠు దాన్ని చదవలేదు. నేను అక్కడే నిలబడి ఉండగా దానిమీద చాయ్ గ్లాసు పెట్టాడు. రెండో దరఖాస్తు ఉర్దూలో రాయించాను. మూడోది మళ్ళీ నేనే రాశాను. మొత్తం ఏడు రాశాను, ఏడింటి నకళ్ళూ నా దగ్గరున్నాయి.

కార్ఖానాలో నాకు దరఖాస్తుల దానియేలు అని పేరు పడింది. అది మొదట అన్నది యాదయ్యే. ఎవరి ముక్కు కోసం నేను రాశానో ఆ యాదయ్య. మా ఉస్తాదు ఖాజామియా మాత్రం పేరు పెట్టి పిలవలేదు. అందరి ముందూ నా మొహంలోకి చూసి అన్నాడు:

"పర్దా ఏసుకొని పనిజేసెడిదుంటె ఇంట్ల కూసో, దానియేలూ. కర్ర నీతోని మాట్లాడ్తది. నడుమ జాలీ అడ్డం పెడితె ఏం ఇనవడ్తది?"

అందరూ నవ్వారు. నాకు పని నేర్పినవాడు ఆయనే కాబట్టి తల వంచుకుని ఉలి అందుకున్నాను. కాని మర్చిపోలేదు.

చివరికి 1948 ఎండాకాలం పోయేముందు జాలీలు వచ్చాయి. వచ్చినవి చూసి నాకు ఏడుపొచ్చింది. పిండి జల్లించుకునేంత సన్నటి కన్నాలు. దించితే లోపల కర్ర నీళ్ళలో మునిగినట్టు కనిపిస్తుంది. చెక్కడానికి పెట్టుకున్న గీత ఎక్కడుందో తెలియదు. పర్కారుతో మందం కొలవాలంటే ప్రతిసారీ యంత్రం ఆపాలి, జాలీ ఎత్తాలి, కొలవాలి, దించాలి, మళ్ళీ తిప్పాలి. రోజుకు ఎనిమిది కోళ్ళు చేసేవాడు ఐదు చేస్తాడు. వారం తిరక్కుండా అందరూ జాలీలను పైకెత్తి సుతిలితాడుతో దూలానికి కట్టేశారు. ప్రతి తాడూ నాకేసి చూసి ముడివేశారు. నేనొక్కణ్ణే దించి పనిచేశాను. కష్టంగా ఉన్నా చేశాను. అడిగింది నేను కదా, ఎత్తితే నవ్వుతారు.

సెప్టెంబరు మొదటి శుక్రవారం

ఆ రోజు చేస్తున్నది పెండ్లిమంచం. నాలుగు కోళ్ళూ అచ్చుగుద్దినట్టు ఉండాలి.

మా కార్ఖానాలో ఒక ఆనవాయితీ ఉంది. ఒక మంచానికి మూడు కోళ్ళు ఎలా చేసినా ఫరవాలేదు. నాలుగోది మొదలుపెట్టాక మాత్రం అది పూర్తయ్యేదాకా యంత్రం ఆపకూడదు. ఆపితే ఆ మంచం మీద పడుకున్నవాళ్ళకు రోగం తగులుకుంటుందంటారు. ఖాజామియా తండ్రి కాలం నుంచి ఉన్న మాట ఇది. నేను క్రైస్తవుణ్ణి, ఇలాంటివి నమ్మనని ఎవరడిగినా చెబుతాను. కాని ఇరవై రెండేళ్ళలో నాలుగో కోడు దగ్గర ఒక్కసారీ ఆపలేదు.

మొదటి మూడు కోళ్ళకు యంత్రం ఆపి జాలీ ఎత్తి కొలిచాను. నాలుగోదానికి కొలత పట్టాల్సిన సమయం వచ్చింది. ఖాజామియా నా వెనకే నిలబడి ఉన్నాడు. దగ్గాడు, అంతే. నేను యంత్రం ఆపకుండా ఎడంచేత్తో జాలీ పైకెత్తి, పర్కారు పట్టుకుని ముందుకు వంగాను. కర్రలో కణుపు దగ్గర పగులున్నట్టు నాకు తెలియదు. జాలీలోంచి చూస్తే ఎలా తెలుస్తుంది?

పేడు ఎగిరివచ్చి తగిలినప్పుడు మొదట నొప్పి లేదు. ఎవరో గ్లాసెడు వేడినీళ్ళు మొహాన చల్లినట్టు అనిపించింది. తర్వాత ఖరాదును తిప్పే తోలు పట్టా చప్పుడు ఆగిపోయింది. ఎవరో ఆపారు. నేను అడిగిన మొదటిమాట, "కోడు అయిందా?" అని. యాదయ్య తడిగుడ్డ తెచ్చి నా ఎడమకంటి మీద పెట్టి, "నోర్ముయ్ అన్నా, నోర్ముయ్," అంటూ తనే ఏడ్చాడు.

సర్కారు దవాఖానాలో నన్నూ యాదయ్యనూ బల్లమీద కూర్చోబెట్టారు. రాసుకునే గుమాస్తా తల ఎత్తకుండా, "ఎట్ల తగిలింది?" అన్నాడు.

"జాలీ సరిగ్గ లేదు," అన్నాను.

అది అబద్ధం కాదు. నిజమూ కాదు. అక్కడ మొదలైంది.

ఆ బల్లమీద మధ్యాహ్నం నుంచి దీపాలు పెట్టేదాకా కూర్చున్నాం. మా ఆవిడ మార్తమ్మ వచ్చింది. నా మొహం చూసి గోడకేసి తిరిగి నిలబడింది. కాసేపటికి ఇటు తిరిగి, "నొప్పున్నదా?" అంది. లేదన్నాను. "మరి నా చెయ్యెందుకు గట్ల పిసుకుతున్నవు?" అంది. ఆవిడ చెయ్యి పట్టుకున్నట్టు నాకు తెలియనే తెలియదు. పక్కన కూర్చున్న ముసలామె ఎవరో తన మూటలోంచి నిమ్మకాయ తీసి నాకిచ్చింది, వాసన చూస్తే కళ్ళు తిరగవని. ఆమె పేరు అడగలేదు.

బుధవారం

వార్డులో చేర్చుకుని ఐదు రోజులు మందుచుక్కలు వేశారు. ఆరో రోజు పెద్ద డాక్టరు నా మంచం దగ్గరికి వచ్చాడు. తొందరపడి మాట్లాడే మనిషి. నిలబడే చెప్పాడు: ఎడమకంటిలో చూపు పోయింది, ఇక రాదు. అది అలాగే ఉంటే కుడికంటికి కూడా పాకవచ్చు. రెండువారాల్లో తీసేస్తే మంచిది. నర్సు ఒక కాగితం తెచ్చింది. ఆపరేషనుకు ఒప్పుకుంటున్నట్టు అందులో కిందిభాగాన నేను సంతకం పెట్టాలి.

"బాగున్న కంటికి ఎందుకు పాకుతుంది సార్? దానికేమీ తగల్లేదు కదా," అన్నాను.

"ఎందుకంటే పాకుతుంది," అన్నాడు. చెప్పి పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

ఒక మనిషి కన్ను తీస్తామని చెప్పే పద్ధతి అదేనా? ఆ కాగితాన్ని చదవకుండానే మడిచి తలగడ కింద పెట్టాను.

అదే సాయంత్రం యాదయ్య చూడటానికి వచ్చాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. సేఠు ఏమన్నాడని నేను గుచ్చిగుచ్చి అడిగాను. నాలుగుసార్లు తప్పించుకుని ఐదోసారి చెప్పేశాడు.

"ఏమన్నడంటె అన్నా... ఖరాదోడు వంకర జూసెటప్పుడు ఒక కన్ను మూసుకునే జూస్తడు గదా, ఇగ మూసుకునే తక్లీఫ్ సుత లేదు అన్నడు. నవ్వులాటకన్నడు లే."

ఆ రాత్రికే నా నిర్ణయం అయిపోయింది. కార్మికుల ఫిర్యాదులు చూసే అధికారి దగ్గర కేసు పెడతాను. సన్న కన్నాల జాలీ బిగించి నా కన్ను తీసింది సేఠేనని నిరూపిస్తాను. అధికారి అడిగితే చూపించడానికి నా దగ్గర ఏముంది? ఈ కన్నే. దీన్ని తీసి ఏ బకెట్లోనో పడేస్తే ఇక రుజువేది? అధికారి వచ్చి కన్ను చూసి రాసుకునేదాకా సంతకం పెట్టను.

ఇప్పుడు రాస్తుంటే ఇది పిచ్చి అనిపిస్తుంది. అప్పుడు నాకంటే తెలివైనవాడు ఆ వార్డులో లేడనిపించింది.

మార్తమ్మ అన్న, బడిపంతులు యేసుదాసు, ఫిర్యాదు రాయడానికి సాయం చేస్తాడని పిలిపించాను. ఆయన అంతా విని చేతిసంచీలోంచి బైబిలు తీయబోయాడు. "బావా, అది సంచీలనే ఉండని," అన్నాను.

"సరే. నేనే అడుగుతా. యంత్రం తిరుగుతున్నప్పుడు జాలీ కిందికున్నదా, పైకున్నదా?"

నేను దుప్పటి అంచు సర్దుకున్నాను.

"రాయాలంటె నాకు తెలువాలె గదా, దానియేలూ."

"జాలీ మంచిది కాదని రాయి. చాలు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. నా పెండ్లినాడు కూడా ఆయన నన్ను అలాగే చూశాడు.

తర్వాతి సోమవారం నుంచి

పోలీసు యాక్షన్ మొదలైంది. ఆ అధికారి కచేరీ మూసేశారు. ఎప్పుడు తెరుస్తారో ఎవరికీ తెలియదు. సగంమంది నర్సులు రావడం మానేశారు. వార్డు కిటికీలకు నల్లకాగితం అంటించారు. విమానం చప్పుడు వినిపిస్తే వార్డు మొత్తం ఒకేసారి మాట్లాడటం ఆపేసేది. వీధుల్లో ఏం జరుగుతుందో చెప్పడానికి వచ్చిన ప్రతివాడూ వేరే సంగతి చెప్పేవాడు. బాంబులు పడతాయని ఒకడు, రజాకార్లు ఇళ్ళమీద పడుతున్నారని ఒకడు. మార్తమ్మ మాత్రం గంజి సీసా కొంగులో దాచుకుని రోజూ నడిచి వచ్చేది. వచ్చేదాకా నేను మెట్లమీద అడుగుల చప్పుడు వింటూ పడుకునేవాణ్ణి. ఆవిడ వచ్చాక, "రావద్దని చెప్పిన గదా," అని కోప్పడేవాణ్ణి.

నా పక్క మంచంలో యాప్రాల్ నుంచి వచ్చిన నీలయ్య తాత ఉండేవాడు. శుక్లాలు తీసి ఆయన రెండు కళ్ళకూ కట్టు కట్టారు. కిటికీ నల్లకాగితంలో వేలెడు చిరుగు ఉంది. దానిలోంచి నేను చూసి ఆయనకు చెప్పాలి.

"ఏం గనవడ్తుందిరా?"

"గోడ. గోడమీద కాకి."

"ఎటు జూస్తున్నది?"

"ఇటే."

"బాంబు వడేదుంటె కాకి ఉంటదా? లెవ్వు, నీళ్ళియ్యి."

ఆ వారమంతా ఆయనకు ధైర్యం నా కుడికన్ను. నాకు ధైర్యం ఆయన ప్రశ్నలు.

గురువారం ఉదయం చిరుగు దగ్గర కన్ను పెడితే వెలుతురు సూదిలా గుచ్చింది. నీళ్ళు కారాయి. నిద్ర చాలలేదనుకున్నాను. మధ్యాహ్నం మళ్ళీ చూశాను. గోడ ఉంది, గోడమీద నల్లగా ఏదో ఉంది. కాకో, కుండపెంకో తెలియలేదు. వెనక్కి వచ్చి పడుకుని తువాలు మొహాన కప్పుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. చెబితే డాక్టరు, "చెప్పాను కదా," అంటాడు. ఆ మాట వినాల్సివస్తుందని భయం. అంతకుమించి, నోటితో అంటే నిజమైపోతుందని భయం. మార్తమ్మ వచ్చినప్పుడు కళ్ళు మూసుకుని నిద్ర నటించాను. తలుపు నుంచి నా మంచందాకా ఎన్ని మంచాలున్నాయో, నీళ్ళకుండ ఎన్ని అడుగుల దూరమో కళ్ళు మూసుకునే లెక్కపెట్టి పెట్టుకున్నాను. రెండు కళ్ళూ పోతే అవసరమని.

శుక్రవారం నీలయ్య తాత పట్టేశాడు.

"కాకుందారా?"

"ఉన్నది."

"ఎటు జూస్తున్నది?"

"ఇటే."

"నిన్న సుత ఇటే జూసె, మొన్న సుత ఇటే జూసె. బొమ్మనా అది? నీకు గనవడ్తలేదు గదరా?"

"మెల్లగ, తాతా."

"నర్సమ్మా!" అని అరిచాడు. ఆయన నోరు మూయడానికి లేవబోయి మంచంకోడు తట్టుకుని పడ్డాను.

ఆ రోజు డాక్టరు లేడు. మార్తమ్మ ఉంది. అంతా విని ఆవిడ ఏడవలేదు. తలగడ కింద చెయ్యి పెట్టి ఆ కాగితం తీసి నా ఒళ్ళో పెట్టింది.

"కేసు గెలుస్తవనుకో. గెలిచినవని వాళ్ళొక కాగితం ఇస్తరనుకో. అది నీకెవరు సదివి పెట్టాలె?"

"నువ్వు సదువు."

"నేను సదువ," అంది. "నేను ఇంటికి పోత. రేపు వస్తనో రానో తెల్వదు." వెళ్ళిపోయింది. ఇరవై ఏళ్ళలో ఆవిడ అలా వెళ్ళడం అదే మొదటిసారి. ఆ సాయంత్రం యుద్ధం ఆగిపోయిందని, నిజాం లొంగిపోయాడని వార్డులో అందరూ చెప్పుకున్నారు. నేను మెట్లమీద అడుగుల కోసం వింటూనే ఉన్నాను. శనివారం ఆవిడ రాలేదు. రోడ్లమీద పటాలం బండ్లు తిరుగుతున్నాయి, దానివల్లేనని తర్వాత తెలిసింది. ఆ రోజు నాకది తెలియదు.

ఆదివారం

ఖాజామియా వచ్చాడు.

ఆ రోజుల్లో ఆయన లాంటివాడు గడప దాటడం ఎంత భయమో ఇప్పుడు గుర్తుచేసుకుంటే తప్ప అర్థం కాదు. వారం కిందట రజాకార్లకు మేం భయపడ్డాం. ఇప్పుడు ఎన్నడూ కర్ర పట్టి ఎవరినీ కొట్టనివాడు కూడా, పేరు తురకపేరైతే చాలు, తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన టోపీ జేబులో పెట్టుకుని, ఎవరిదో పంచె కట్టుకుని, సందుల్లోంచి నడిచివచ్చాడు. నేను మొదట గొంతును బట్టి గుర్తుపట్టాను.

"మీ ఇంటామె మా ఇంటికొచ్చింది. ఆమె చెప్తె ఇంటలేవంట. కాగితం మీద సంతకం పెట్టవంట. ఎందుకు?"

"సేఠు మీద కేసు పెడత."

"ఏమని?"

"జాలీ వల్ల కన్ను పోయిందని."

"జాలీ నువ్వే లేపినవ్, దానియేలూ. మిషను తిరుగుతుండంగ లేపినవ్. నేను నీ ఎన్కనే ఉన్న."

పక్క మంచంలో నీలయ్య తాత వింటున్నాడని తెలుసు.

"మీరు దగ్గిన్రు," అన్నాను. పదహారు రోజులుగా గొంతులో ఉన్నమాట అదే. "నాలుగో కోడు ఆపుతనేమో అని దగ్గిన్రు. ఆపితే రోగమొస్తదని నాకు చెప్పింది మీరే."

ఆయన వచ్చి మంచం అంచున కూర్చున్నాడు. నేను పడుకున్న మంచం మీద ఆయన కూర్చోవడం అదే మొదటిసారి.

"అదెందుకో ఎరుకేనా నీకు? మా అబ్బా కాలంల మోటరు లేకుండె. ఒక మనిషి తాడు గుంజుతుంటె ఖరాదు తిరుగుతుండె. మూడు కోళ్ళయ్యేటాల్లకు ఆ గుంజెటోని భుజాలు వడిపోతుండె. నడుమ ఆపితె మళ్ల లెవ్వకపోతుండె. గందుకని అబ్బా అన్నడు, నాలుగోది షురూ చేసినంక ఆపొద్దు, రోగమొస్తదని. గుంజెటోడు ఇంటడని అన్నడు. అంతే. మోటరొచ్చింది, తాడు పోయింది. ఆ మాట తీసెయ్యాలని నాకు యాద్ రాలే."

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో చెప్పలేను. ఎన్నడో చచ్చిపోయిన కూలీవాడి భుజాల కోసం చెప్పిన మాటకు, మోటరు ముందు నిలబడి నా కన్ను ఇచ్చాను.

"కేసు పెట్టు," అన్నాడు. "పెట్టాలె. గాని సేఠు మీద గాదు, నా పేరు రాయి. ఉస్తాదు చెప్పిండు, గందుకు ఆపలేదని రాయి. కొత్త సర్కారొచ్చింది. నాలాంటోని పేరు రాస్తె జల్దీ ఇంటరు." నా చేతిలో కలం పెట్టాడు. యేసుదాసు బావ దగ్గర అడిగి తెచ్చుకున్నాడట. "మొదలు దవాఖానా కాగితం మీద పెట్టు. కన్ను లేకుంటె నాపేరెట్ల రాస్తవ్?"

నాకు విపరీతమైన కోపం వచ్చింది. రెండేళ్ళుగా జాగ్రత్తగా దాచుకున్న తగాదాను ఆయన ఒక్కమాటతో నా చేతిలోంచి తీసేసుకున్నాడు. ఆ కోపంతోనే సంతకం పెట్టాను. అక్షరాలు సరిగ్గా కనిపించలేదు. ఎక్కడ పెట్టాలో ఆయనే నా వేలు పట్టుకుని ఆనించాడు. ఆయన పేరు నేను ఏ ఫిర్యాదులోనూ రాయలేదు.

ఆ తర్వాత

సోమవారం ఎడమకన్ను తీసేశారు. రెండు కళ్ళకూ కట్టు కట్టి, కుడికన్ను సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు. "పదకొండు రోజులు ముందే అయితే చెప్పేవాణ్ణి," అన్నాడు డాక్టరు. లెక్కపెట్టుకున్నాడన్నమాట.

ఎన్ని రోజులు అలా ఉన్నానో మార్తమ్మ చెబితేనే తెలుసు. పన్నెండు. శాంతమ్మ అనే నర్సు రోజూ కట్టు మార్చేటప్పుడు, "కన్ను తెరవకండి, నేను చెప్పేదాకా," అనేది. మూసిన రెప్పలోంచి ఎర్రగా వెలుతురు తగులుతుందా లేదా అని నేను ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. ఒకరోజు తగల్లేదు. వెలుతురు లేదన్నాను. "మబ్బు పట్టిందండీ, వాన కురుస్తోంది," అందామె. ఇంటికి వెళ్ళేముందు నీలయ్య తాత నా మంచం దగ్గరికి వచ్చి, కట్టు విప్పిన తన కళ్ళతో చిరుగులోంచి చూసి, "కాకుందిరా. అటు జూస్తున్నది," అని చెప్పి వెళ్ళాడు.

కట్టు విప్పినరోజు మార్తమ్మ ఎదురుగా నిలబడింది. తడి అద్దంలోంచి చూసినట్టు ఒక ఆకారం. చీర రంగు తెలిసింది. మొహం తెలియలేదు. "ఎట్లున్న?" అంది. "చిక్కినవ్," అన్నాను. ఊహించి చెప్పాను. ఆవిడ నమ్మిందో లేదో. మొహం నిజంగా కనిపించడానికి క్రిస్మసు దాకా పట్టింది. చుక్కలు, చీకటి గది, మళ్ళీ చుక్కలు. అప్పటికి నిజంగానే చిక్కింది.

కొత్త సంవత్సరంలో పనికి వెళ్ళాను. మొదటిరోజే అందరి ముందూ చెప్పేశాను, జాలీ ఎత్తింది నేనేనని. ఎనిమిదో దరఖాస్తు రాశాను. ఈసారి మొదటివాక్యంలోనే నా తప్పు రాసి, రెండో వాక్యంలో కన్నాల కొలత రాశాను. సేఠు చదివాడు. వెడల్పు కన్నాల జాలీలు బిగించారు, గీత కనిపిస్తుంది. అయినా ఇద్దరు ముగ్గురు ఇంకా తాడు కడుతూనే ఉన్నారు. చెయ్యి చురుకైనవాడికి జాలీ అక్కర్లేదంటారు. వాళ్ళు చెప్పేదాంట్లో కొంత నిజముంది. జాలీ వెనక పని మెల్లగా సాగుతుంది, చేతికి కర్ర దూరమవుతుంది. నాకు తెలుసు, నేను రోజూ ఆ కష్టం పడుతున్నాను. కాని చెయ్యి ఎంత చురుకైనా కర్ర లోపలి పగులును చూడలేదు. కొలత కోసమే అయినా, ఎవరు వెనక నిలబడ్డా, ముందు యంత్రం ఆపాలి. ఇప్పుడు కొత్తవాళ్ళకు ఈ మాట చెప్పేది ఖాజామియానే. తగిలితే ఆ పూటే దవాఖానాకు వెళ్ళండి. అక్కడ ఎలా తగిలిందని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీ కోపం తర్వాతకు ఉంచుకోవచ్చు, అది పాడవదు.

మొన్న చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళాను. అదే బల్ల, అదే గుమాస్తా. ఇంకా తల ఎత్తడు. డాక్టరు గోడకు తగిలించిన అక్షరాల అట్ట చదవమన్నాడు. పైవరుస చదివాను. కిందిది చదివాను. అక్కడితో ఆగలేదు. ఆఖరి వరుస కూడా చదివి, దానికింద మూలలో చీమంత అక్షరాలతో ఉన్న అచ్చాఫీసు పేరు కూడా చదివేశాను.

"అది చదవమనలేదు," అన్నాడు డాక్టరు.

"రాసి ఉన్నదేదీ నేను వదలను సార్."

ఆయన నా కాగితాల మీద ఏదో రాసుకుంటూ, "ఆ బుధవారం నేనిచ్చిన కాగితం వదిలావుగా," అన్నాడు.

ఎవరు ఏమన్నారో రాసి ఉండడం మంచిదన్నాను కదా, ఇదీ రాశాను.